అవే డంబెల్స్, అదే ఒళ్ళు

హన్మకొండలో ఏ జిమ్‌కైనా సాయంత్రం ఆరున్నరకు పోయి ఓ మూల నిలబడి చూడండి. అద్దం ముందు 10 కిలోల డంబెల్స్‌తో బైసెప్స్ కొడుతున్న పిల్లలు కనీసం అయిదారుగురు ఉంటారు. చెమట కారుతుంటుంది, నరాలు తేలుతుంటాయి, సెట్టు, అంటే ఆగకుండా వరసగా ఎత్తే ఒక విడత, అయిపోగానే ఫోన్ తీసి ఫొటో. మళ్ళీ వచ్చే బతుకమ్మకు పోయి చూడండి. అవే చేతులు, అవే 10 కిలోలు. పాపం, సోమవారం చెస్ట్ మానింది లేదు, ఫీజు ఎగ్గొట్టింది లేదు. మరి ఒళ్ళెందుకు మారలేదంటే, ఏడాది కింద ఆ చేతులు ఎంత మోసినయో ఇయ్యాల కూడా అంతే మోస్తున్నాయి. పెరగాల్సిన అవసరం కండకు పడలేదు.

కండను పోషించడం ఒంటికి ఖర్చుతో కూడిన పని. అందుకే చేసే పనికి ఎంత కావాలో అంతే కట్టుకుని ఊరుకుంటుంది. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర హమాలీలను చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 40 కిలోల బస్తా వీపు మీద వేసుకుని లారీ ఎక్కిస్తూనే ఉంటారు, పొద్దున్నుంచి రాత్రిదాకా. జిమ్‌కు పోయే పిల్లల్లో చాలామంది ఆ పని గంటసేపు కూడా చేయలేరు. అయినా ఆ మనుషుల్లో ఎక్కువమంది బక్కగా, పేనిన తాడులా ఉంటారు. పదేళ్ళ కిందా బస్తా 40 కిలోలే, ఇప్పుడూ 40 కిలోలే. ఒళ్ళు ఆ 40కి అలవాటు పడింది, దమ్ము పెరిగింది, కండ అక్కడే ఆగింది. దినమంతా కరిగేదానికి తినేది సరిపోవడమే గగనం కాబట్టి పెరగడానికి మిగిలేదీ ఏమీ లేదు. జిమ్‌లో మనకున్న సౌకర్యం ఒక్కటే, బస్తా బరువు మన చేతిలో ఉంటుంది. దాన్ని వాడుకోకపోతే నెలనెలా ఫీజు కట్టి హమాలీ చేస్తున్నట్టే.

లోపల జరిగేది చూద్దాం. కండరంలో పోగులు గుంపులు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపును ఒక్కో నరం నడిపిస్తుంది. తేలిక బరువు ఎత్తితే చిన్న గుంపులే పనిలోకి దిగుతాయి. బరువు ఎక్కువైనప్పుడు గానీ, సెట్టు చివర్లో ఇంకో రెండు రెప్పులు (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్పు) కూడా కష్టమే అనిపించినప్పుడు గానీ పెద్ద గుంపులు లేవవు. పెరిగే సత్తా ఎక్కువున్నవి ఆ పెద్ద గుంపులే. వాటి మీద లాగుడు పడాలి, అది నెలలు గడిచేకొద్దీ పెరుగుతూ ఉండాలి. చెమటను బట్టి, మంటను బట్టి, మర్నాడు మెట్లు దిగలేకపోవడాన్ని బట్టి ఇది జరిగిందో లేదో చెప్పలేం. ఇక సెట్టు కాగానే కండ ఉబ్బడం, పంప్ అంటారే, అది కండలోకి చేరిన రక్తమూ నీరూ. ఇంటికి పోయి స్నానం చేసేసరికి దిగిపోతుంది.

దీనికి ఒక సవాలు ఉంది, న్యాయమైనదే. 6 రెప్పులతోనూ కండ పెరుగుతుంది, 25 రెప్పులతోనూ పెరుగుతుంది, సెట్టును దాదాపు చేతకానంత దాకా తీస్తే చాలు. అలాంటప్పుడు బరువు వెంట ఎందుకు పడాలి? రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్‌ను 25 రెప్పులదాకా తీసి చూస్తే జవాబు దొరుకుతుంది. తొడలకంటే ముందు ఊపిరి ఆగిపోతుంది, కండకు అందాల్సిన పని అందకముందే రాడ్ స్టాండు మీదికి పోతుంది. పైగా 25 రెప్పులు చేసేవాళ్ళకు కూడా ఎప్పుడో ఒకప్పుడు బరువు పెంచక తప్పదు. లెక్క సులువు. బెంచ్ మీద వెల్లకిలా పడుకుని రాడ్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టేటప్పుడు 40 కిలోలు, 8 రెప్పులు, 3 సెట్లు అంటే మొత్తం 960 కిలోలు. అదే 60 కిలోలకు చేరాక అన్నే రెప్పులు, అన్నే సెట్లతో 1,440. జిమ్‌లో గడిపే టైము ఒక్క నిమిషం పెరగలేదు, ఛాతీ చేసే పని ఒకటిన్నర రెట్లయింది.

బలం అంటే ఇక్కడ ఒక్క రెప్పు రికార్డు కాదని కూడా చెప్పాలి. జిమ్ మొత్తాన్ని పిలిచి, బెల్టు బిగించి, ఒక్కసారి లేపి కేకలేయడం పవర్‌లిఫ్టింగ్ పోటీకి పనికొస్తుంది. ఒళ్ళు మారాలనుకునేవాళ్ళు చూసుకోవాల్సింది 6 నుంచి 10 రెప్పుల మధ్య తమ బరువు ఎంత పెరిగిందన్నదే. నా లెక్కలో 65 కిలోల మగమనిషి ఏడాదీ ఏడాదిన్నరలో స్క్వాట్ 90 కిలోలతో 8, బెంచ్ 60తో 8, నేల మీది రాడ్‌ను నిటారుగా నిలబడేదాకా లేపే డెడ్‌లిఫ్ట్ 110తో 5, నిలబడి రాడ్‌ను తలపైకి నెట్టే షోల్డర్ ప్రెస్ 40తో 8, కమ్మీకి వేలాడి ఒంటిని పైకి లాక్కునే పుల్లప్స్ 8 దాకా వస్తే చొక్కా కొలతలు మార్చుకోక తప్పదు. ఈ అంకెలు వచ్చి కూడా ఒళ్ళు మారని మనిషి ఉండడం చాలా అరుదు.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు మాత్రం ఒక తికమక ఉంటుంది. బరువులు వారవారం పెరుగుతుంటాయి, అద్దంలో ఏమీ కనబడదు. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం నరాలది. ఏ కండను ఎప్పుడు లేపాలో, ఎన్ని గుంపులను ఒకేసారి పనికి పిలవాలో అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. చాలామంది సరిగ్గా ఇక్కడే విసిగిపోయి ప్రోగ్రాం మారుస్తారు. కొత్త కసరత్తులకు మళ్ళీ నరాల పాఠం మొదలు. ఇట్లా మూడు నెలలకో ప్రోగ్రాం మార్చే మనిషి ఎప్పటికీ ఒకటో తరగతిలోనే ఉంటాడు.

కాబట్టి తక్కువ కసరత్తులు, ఎక్కువ కాలం. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, సోమ, బుధ, శుక్ర అనుకుందాం. ఒక రోజు స్క్వాట్, బెంచ్ ప్రెస్, వంగి రాడ్‌ను పొట్టకు లాగే రోయింగ్. రెండో రోజు డెడ్‌లిఫ్ట్, షోల్డర్ ప్రెస్, పుల్లప్స్. పుల్లప్స్ రానివాళ్ళకు లాట్ పుల్‌డౌన్, అంటే మిషన్ మీద కూర్చుని పై కమ్మీని ఛాతీ దగ్గరికి లాగడం. ఈ రెండిట్నీ మార్చి మార్చి చేయాలి. డెడ్‌లిఫ్ట్‌కు 5 రెప్పుల సెట్లు రెండు చాలు, మిగతా అన్నిటికీ 6 నుంచి 8 రెప్పుల సెట్లు మూడు. సెట్టుకూ సెట్టుకూ మధ్య రెండు నుంచి మూడు నిమిషాల విశ్రాంతి. ముప్పై సెకన్లలో మళ్ళీ ఎత్తితే చెమట బాగా పడుతుంది, బరువు పడిపోతుంది. ప్రతి సెట్టులోనూ ఇంకో ఒకటి, రెండు రెప్పులు వచ్చేవి అనిపించే దగ్గర ఆపాలి. చివర్లో ఓపికుంటే బైసెప్స్, డంబెల్స్‌ను పక్కలకు లేపే సైడ్ లాటరల్, పిక్కలు రెండేసి సెట్లు. వాటిని మానమని ఎవరూ అనడం లేదు, భోజనం అయ్యాక వచ్చే అరటిపండు లాంటివి అవి.

బరువు పెంచే పద్ధతికి ఒక పది రూపాయల నోటుబుక్కు కావాలి. అందులో బెంచ్ పేజీ ఇట్లా ఉంటుంది:

42.5 కిలోలు: 8, 7, 6
42.5 కిలోలు: 8, 8, 6
42.5 కిలోలు: 8, 8, 7
42.5 కిలోలు: 8, 8, 8
45 కిలోలు: 7, 6, 6

మూడు సెట్లలోనూ 8 పడ్డాకే 2.5 కిలోలు పెంచాలి. పెంచిన రోజు రెప్పులు తగ్గుతాయి, తగ్గాలి కూడా. ఒక్క రెప్పు పెరిగినా ఆ రోజు పని అయినట్టే. వరసగా మూడుసార్లు ఒక్క రెప్పూ పెరగకపోతే ముందు నిద్ర, తిండి చూసుకోవాలి. అవి బాగానే ఉంటే బరువు పది శాతం దించి, అంటే 60 దగ్గర ఆగితే 54, 55కు వచ్చి, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాలి. రెండోసారి ఆ 60ని దాటిపోవడం మామూలే. వార్మప్ కూడా బుక్కులో రాయండి. 60తో చేసే రోజు ఖాళీ రాడ్‌తో 10, 40తో 5, 50తో 3, ఆ తర్వాతే అసలు సెట్టు.

ఇక్కడ మన జిమ్‌లలో ఒక చిక్కు వస్తుంది. చాలా చోట్ల అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 కిలోలు. రెండు పక్కలా ఒక్కోటి వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. 80 కిలోల స్క్వాట్‌కు ఆ 5 ఒక లెక్క కాదు, ఆరు శాతం. 30 కిలోల షోల్డర్ ప్రెస్‌కు అదే 5 దాదాపు పదిహేడు శాతం. 30తో 8 తీసిన మనిషి 35తో 3 తీసి, వెన్ను వెనక్కి విరిచి, ఇది నా వల్ల కాదని వదిలేస్తాడు. 1.25 కిలోల ప్లేట్ల జత కొనుక్కుని బ్యాగులో పెట్టుకోండి. షాపులో దొరక్కపోతే చేతికి కట్టుకునే అర కిలో వెయిట్ బ్యాండ్ల జత తీసుకుని రాడ్ చివర్లకు చుట్టండి, ఒక కిలో పెరుగుతుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. షోల్డర్ ప్రెస్ ఎక్కడ ఆగిందని తర్వాత వాళ్ళనే అడగండి.

రాడ్ బరువు కూడా నమ్మొద్దు. ఒలింపిక్ రాడ్ 20 కిలోలు ఉండాలి, కానీ జిమ్‌లో ఉన్న సన్న రాడ్లు 8 నుంచి 12 కిలోల మధ్య ఏదైనా కావచ్చు. బరువు చూసుకునే మిషన్ మీద మీరొక్కరే ఒకసారి, రాడ్ పట్టుకుని ఒకసారి నిలబడండి, తేడా రాసుకోండి. పాత ప్లేట్ల మీద 10 అని పోతపోసి ఉన్నా అరకిలో అటూఇటూ ఉంటాయి, ఎప్పుడూ ఒకే జత వాడితే సరిపోతుంది.

స్క్వాట్‌ను కాస్త దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ అబద్ధాలు నడిచేది ఇందులోనే. రాడ్ మెడ ఎముక మీద కాకుండా దాని కింద, భుజాల కండ మీద ఆనాలి. పాదాలు భుజాలంత ఎడం, వేళ్ళు కొంచెం బయటికి. గట్టిగా ఊపిరి పీల్చి పొట్ట బిగబట్టి, మోకాళ్ళూ తుంటీ ఒకేసారి వంచుతూ కిందికి. తొడ పైభాగం నేలకు సమానంగా వచ్చేదాకా దిగాలి, మోకాళ్ళు పాదాల వేళ్ళు చూసే దిక్కుకే పోవాలి. లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయంటే బరువు ఎక్కువైంది. మడమలు లేస్తున్నాయంటే ముందు బూట్లు చూడండి. మెత్తటి సోలున్న రన్నింగ్ షూ వేసుకుని స్క్వాట్ చేయడం పరుపు మీద నిలబడి బస్తా ఎత్తినట్టే. చదునైన గట్టి సోలు కాన్వాస్ బూట్లు చాలు. పీట మీద కూర్చుని తినే, గొంతుక్కూర్చుని పనిచేసే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు లోతుగా దిగడం పెద్ద కష్టం కాదు. కుర్చీకి అతుక్కుని పెరిగినవాళ్ళకు రోజూ రెండు నిమిషాలు గొంతుక్కూర్చోవడం అలవాటు చేస్తే నెలలో వస్తుంది. 70తో పూర్తిగా దిగినవాడు 100తో జానెడు వంగి లేచినవాడికంటే బలంగా ఉన్నట్టు. తొడలకు ఈ తేడా బాగా తెలుసు.

డెడ్‌లిఫ్ట్‌లో జానెడు కొలత ఇంకోరకంగా పనికొస్తుంది. పెద్ద ప్లేట్లు వేసినప్పుడు రాడ్ నేల నుంచి 22 సెంటీమీటర్ల ఎత్తున, అంటే దాదాపు జానెడు ఎత్తున ఉంటుంది. కొత్తవాళ్ళు 10 కిలోల చిన్న ప్లేట్లు వేస్తారు కాబట్టి రాడ్ నేలకు మరీ దగ్గరగా దిగుతుంది, దాన్ని అందుకోవడానికి నడుము గూనిలా వంగుతుంది. తర్వాత నడుం పట్టేసిందని డెడ్‌లిఫ్ట్‌ను తిడతారు. ప్లేట్ల కింద వేరే ప్లేట్లో, చెక్కలో పేర్చి ఎత్తు సరిచేస్తే సగం బాధ పోతుంది. రాడ్ పాదం మధ్యకు పైన ఉండాలి, ముంగాళ్ళను రాసుకుంటూ పైకి రావాలి.

బెంచ్‌లో జరిగే మోసం అందరికీ తెలిసిందే. వెనక నిలబడ్డ దోస్తు "నీదే అన్నా, మొత్తం నీదే" అంటూ రాడ్ పట్టుకుని లాగుతుంటాడు, కింద మనిషికి ఛాతీ, పైన మనిషికి వీపు. దోస్తు వేలు తగిలిన రెప్పును బుక్కులో రాయొద్దు.

తిండి దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్ళకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటుంది. కండ కట్టాలనుకునేవాళ్ళకు దానికి రెట్టింపు, కిలోకు 1.6 గ్రాముల దాకా కావాలి. 60 కిలోల మనిషికి 96. మూడు పూటలా గిన్నె నిండా అన్నం, మీద నీళ్ళలాంటి పప్పుచారు, పచ్చిపులుసు పోసుకుంటే ఇందులో సగం కూడా రాదు, కడుపు మాత్రం నిండుతుంది. ఇంటి తిండితోనే లెక్క ఇట్లా కుదురుతుంది. నాలుగు కోడిగుడ్లు 24 గ్రాములు, అర లీటరు పాలు 16, ఎముకలతో కలిపి 200 గ్రాముల చికెన్ 27, 50 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు 11, 50 గ్రాముల బబ్బెర్లో శనగలో నానబెట్టి ఉడికించిన గుడాలు 10, దినం మొత్తం తినే అన్నం, జొన్న రొట్టెల నుంచి 18. కూడితే 106. గుడ్డూ చికెనూ తిననివాళ్ళు ఆ రెండిటి జాగాలో 50 గ్రాముల మీల్ మేకర్ 26, 100 గ్రాముల పన్నీర్ 18 వేసుకుంటే 99. చికెన్ బోరు కొడితే చెరువు చేప ఉండనే ఉంది, కొర్రమీనే కావాలని లేదు, బొచ్చె ముక్కల్లోనూ ప్రొటీన్ తక్కువేం కాదు. సాయంత్రం జిమ్‌కు పోయే ముందు మిర్చి బజ్జీల బదులు గుడాలు తినడం అన్నిటికంటే చవకైన మార్పు.

ప్రొటీన్ పౌడర్ ఒక డబ్బాలో పెట్టిన పాలపొడి బంధువు, కుదరని రోజు పనికొస్తుంది. క్రియాటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు నిజంగానే పనిచేస్తుంది. మొదట్లో కిలో దాకా బరువు పెరిగితే అది కండలో చేరిన నీరే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా ఈ రెండూ ముట్టొద్దు. "మూడు నెలల్లో ఫలితం" అని ఎవరైనా సూది మందు గురించి చెవిలో చెబితే మాత్రం బ్యాగు సర్దుకుని జిమ్ మారండి. బయటి నుంచి హార్మోన్ ఎక్కిస్తే ఒళ్ళు సొంతంగా తయారు చేయడం ఆపేస్తుంది, పిల్లలు పుట్టే సంగతి దగ్గర్నుంచి గుండె దాకా దాని బిల్లు తర్వాత వస్తుంది.

బక్కగా ఉన్నవాళ్ళు నెలకు కిలో చొప్పున బరువు పెరిగితే సరైన దారిలో ఉన్నట్టు. మూడు కిలోలు పెరిగితే అందులో ఎక్కువ పొట్టే. పొట్ట ఉన్నవాళ్ళ సంగతి కొంచెం వేరు, కానీ బుక్కు అదే. వడ్డేపల్లి చెరువు కట్ట మీద రోజూ గంట నడిచి, రాత్రి అన్నం మానేసి ఎనిమిది కిలోలు తగ్గినవాళ్ళు చాలామంది ఉన్నారు. మొహం పీక్కుపోయి, భుజాలు జారి, పొట్ట మాత్రం చిన్న సైజులో అక్కడే ఉంటుంది. కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోయింది మరి. నడక మానక్కర్లేదు, మంచిదే. దానితో పాటు బరువులు అంతే భారంగా ఉంచాలి. తక్కువ తింటున్నాం కదా అని తేలిక బరువులతో ఎక్కువ రెప్పులకు మారితే, ఇన్నాళ్ళూ కండను నిలబెట్టిన పని తీసేసినట్టవుతుంది. వారానికి అరకిలో తగ్గుతూ బెంచ్ 50తో 8 దగ్గరే నిలబడి ఉందంటే పోతున్నది కొవ్వు. బెంచ్ 40కి జారిందంటే తిండి మరీ కోసేశారు, ముందు ప్రొటీన్ పెంచండి.

ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళలా అవుతారన్న భయం ఇంకా పోలేదు. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో క్లీన్ అండ్ జర్క్, అంటే రాడ్‌ను ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి తలపైకి లేపడంలో, 130 కిలోలు ఎత్తింది, తన బరువుకు దాదాపు రెండింతలు. ఏళ్ళ తరబడి అదే పనిగా చేస్తేనే అక్కడిదాకా పోతారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల విభాగంలో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్. ఒంటి బరువు పెరగకుండా బలం పెరగొచ్చనడానికి బరువు విభాగాల ఆటలన్నీ సాక్ష్యమే. 5 కిలోల గులాబీ రంగు డంబెల్స్ పక్కన పెట్టి రాడ్ దగ్గరికి రావాల్సింది ముందు ఆడవాళ్ళే. ఎముక గట్టిపడేదీ భారం మోస్తేనే.

పోలీసు ఈవెంట్లకు తయారయ్యే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. గ్రౌండ్ చుట్టూ పరుగే పరుగు, 7.26 కిలోల షాట్‌పుట్ దగ్గరికి వచ్చేసరికి చేయి వేలాడేస్తారు. వారానికి రెండుసార్లు స్క్వాట్, షోల్డర్ ప్రెస్ చేసినవాడి గుండు పోయే దూరం వేరు.

మన ఎండాకాలం గురించి ఒక మాట. మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న జిమ్‌లో సాయంత్రం రాడ్ పట్టుకుంటే కాలుతుంది. ఆ రెండు నెలలు పొద్దున అయిదున్నరకు మారండి. పోయేముందు ఉప్పేసిన సల్ల ఒక పెద్ద గ్లాసు, సెట్ల మధ్య నీళ్ళు. బరువులు కొంచెం తగ్గినా కండ పోయిందని కంగారు పడొద్దు, చల్లబడగానే తిరిగొస్తాయి. అరచేతులు చెమటకు జారితే సుద్దపొడి వాడండి, జిమ్ ఓనరు తిడితే చేతి రుమాలు రాడ్‌కు చుట్టండి, ఏదో ఒకటి. పట్టు జారి ఆగిన డెడ్‌లిఫ్ట్ వీపు అలిసి ఆగినట్టు కాదు.

దసరాకు ఊరెళ్ళినా, మేడారం జాతరకు పోయినా వారం పది రోజులు జిమ్ తప్పుతుంది. వారమైతే ఏమీ పోదు, ఆగిన బరువుతోనే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలైతే పది శాతం తగ్గించి, సెట్లు మూడుకు రెండే చేసి, మొదటి రోజు కావాలనే సులువుగా ముగించండి. ఇంటికొచ్చిన చుట్టాల ముందు పాత బరువు ఎత్తి చూపించబోయి తుంటి పట్టేసినవాళ్ళు, ఆ తర్వాత ఇంకో మూడు వారాలు ఇంట్లోనే ఉంటారు. నెలలు గ్యాప్ వచ్చినా మొదటిసారి ఏడాది పట్టిన బరువు రెండోసారి మూడు నాలుగు నెలల్లో వస్తుంది, అందుకే పాత నోటుబుక్కు పారేయొద్దు.